మిస్సమ్మ పాదము మీది పుట్టుమచ్చ

మెదకు పట్టణములో ఒక ఇంట 'మిస్సమ్మ' చిత్రమును చూచిన నాటినుండి దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మేము అనుకొనుచునే యున్నాము. మిస్సమ్మను గూర్చి క్రొత్తగా చెప్పునదేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1955 జనవరి 12వ తేదీన, సంక్రాంతి ముంగిట విడుదలయిన ఆ చిత్రమునకు డెబ్బది యేండ్లు నిండినవి. దానిని ఒక్కసారియైనను చూడని తెలుగు కుటుంబము అరుదు. మేమును పది పదిహేను మారులు చూచినవారమే. ఐనను చూచిన ప్రతి మారును ఒక చోట కన్ను మూసికొని దాటిపోవుచుంటిమని ఆ మధ్యాహ్నము వరకు మాకు తెలియలేదు.

మేము మెదకు పోయిన పని వేరు. కొన్ని సంవత్సరముల క్రిందట, ఒక డిసెంబరు మాసమున, క్రిస్మసు కార్యక్రమము కొరకు అక్కడి కెథెడ్రలులోని గాయక బృందము పాడు కీర్తనలను ధ్వనిముద్రణ చేసికొని వచ్చుటకై మా కేంద్రమునుండి ముగ్గురము బయలుదేరినాము. ఆ కట్టడమును చూడనివారి కొరకు రెండు మాటలు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దాని నిర్మాణమునకు పూనుకొన్నారు. 1914లో మొదలయిన పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25వ తేదీన దేవాలయము ప్రతిష్ఠ జరిగినది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. అవి కరువు దినములు. ఆకలిగొన్నవారికి ఊరకయే ధాన్యము పోయుటకంటె పని చూపి కూలి యిచ్చుట మేలని తలచినందున, చుట్టుపట్ల పల్లెల జనము ఆ రాళ్లు మోసి పొట్ట పోసికొన్నారు. అన్నపు మెతుకు పేరిటనే ఈ సీమకు మెతుకుసీమ యను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ పేరు దేవాలయముకంటె ఎంతో పూర్వముది. కాని కరువునాటి ఆ కూలి కథ విన్నప్పుడు, పేరు తన అర్థమును మరియొక మారు వెదకికొన్నదా అనిపించును.

లోపలి పైకప్పునకు ప్రతిధ్వని నణచు మెత్తని పదార్థము అమర్చబడి యున్నది. మా ఇంజనీరు అది చూచి పరమానంద భరితుడైనాడు. కాని ఆ ఆనందము ఎంతోసేపు నిలువలేదు. యాత్రికుల రాకపోకలు నిమిషమునకొక బస్సు వంతున సాగుచున్నవి. అద్దపు కిటికీలలోని క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చూడవచ్చినవారు, క్రొవ్వొత్తులు వెలిగించువారు, మ్రొక్కు చెల్లించువారు, బిడ్డలను ఎత్తుకొని ఫొటోలు తీయించుకొనువారు. వారిలో నొసట కుంకుమ గలవారు సగము మందికి పైగానే యుందురు. బురఖా ధరించిన స్త్రీలను గూడ చూచినాము. మహాశివరాత్రికి ఏడుపాయల వనదుర్గ జాతరకు పోవు బండ్లే క్రిస్మసుకు ఇక్కడికి వచ్చుననియు, అందులో ఎవరికిని వింత తోచదనియు అక్కడివారు చెప్పినారు. పట్టణమునకు పై నున్న కోట కాకతీయుల నాటిది. దానిలోని మసీదు కుతుబ్ షాహీల నాటిది. ఇన్ని విధముల జనము ఒక చోట నుండుట కన్నుల పండువే గాని, మైక్రోఫోనుకు మాత్రము కాదు. జనము పలుచబడు వరకు, అనగా సాయంత్రము వరకు, ఆగవలసి వచ్చినది.

"ఈడ ఎంతసేపు కూసుంటరు సార్? మా ఇంటికి రాండ్రి, ఇంత అన్నం తిని పోదురు" అన్నారు గాయక బృందములో పెద్దవారైన ఒక టీచరమ్మ. ఆమె ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. పేరు చెప్పము; చెప్పినను అది ఆ జిల్లాలో వందలమంది స్త్రీలకున్న ఒక దేవత పేరే.

ఇల్లు దేవాలయమునకు వెనుక సందులో నున్నది. గుమ్మమునకు కాగితపు నక్షత్రము వ్రేలాడుచున్నది. ప్రక్క ఇంటికి, ఈ ఇంటికి నడుమ ఒకటే గోడ. ఆ గోడలో ఒక చిన్న తలుపు. ఆ తలుపునుండి ప్రక్క ఇంటి ఇల్లాలు పచ్చిపులుసు గిన్నెతో వచ్చినారు. ఆమె వారి పెరటిలోని తులసికోట ఆ తలుపునుండి మాకు కనబడుచున్నది. వీరు ఆమెను చెల్లె అందురు, ఆమె వీరిని అక్క అనును. ఇరువది యేండ్లుగా ఆ తలుపునకు గడియ పడలేదని ఇద్దరును గర్వముగా చెప్పినారు.

అన్నము తినుచుండగా టెలివిజనులో మిస్సమ్మ వచ్చుచున్నది. అప్పటికి రావు, మేరీ అప్పాపురము చేరినారు.

చిన్న పిల్లల కొరకు కథ చెప్పవలెను. అప్పాపురము జమీందారు గోపాలముగారికి పెద్ద కుమార్తె మహాలక్ష్మి చిన్ననాడే తప్పిపోయినది. ఆమె పేర ఆయన ఒక బడి నడపుచున్నాడు. ఆ బడికి పట్టభద్రులైన భార్యాభర్తలు ఉపాధ్యాయులుగ కావలెనని ఆయన ప్రకటన. మదరాసులో ఉద్యోగము లేక తిరుగుచున్న ఎం.టి.రావు, మేరీ యను క్రైస్తవ యువతి, ఉద్యోగము కొరకు భార్యాభర్తలమని బొంకి ఆ ఊరు చేరుదురు. మేరీని పెంచిన తండ్రి పాల్ అప్పులలో నున్నాడు. అప్పిచ్చిన డేవిడ్ ఆమెను పెండ్లాడ జూచుచున్నాడు. ఆమె అవసరము అది. జమీందారు మేనల్లుడు రాజు, తనకు తాను డిటెక్టివునని నమ్మినవాడు, తప్పిపోయిన మహాలక్ష్మిని వెదకుచుండును. మహాలక్ష్మి పాదముపై పుట్టుమచ్చ యున్నదని అతనికి తెలియును. చివరకు ఆ మచ్చ మేరీ పాదము మీదనే కనబడును.

విజయా వారు 'చంద్రహారము' వంటి భారీ చిత్రము ఆశించినట్లు ఆడకపోయిన తరువాత, తళుకులు మాని, ఒక ఇల్లు, ఒక బడి, ఏడెనిమిది మంది మనుష్యులతో తీసిన చిత్రమిది. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. మూలములు వంగదేశమునుండి వచ్చినవి. దొంగ దంపతుల కథ రవీంద్రనాథ మైత్ర నాటకము 'మానమయీ గర్ల్స్ స్కూల్' నుండి, డిటెక్టివు ముచ్చట శరదిందు బంద్యోపాధ్యాయ కథనుండి. శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణిగారికి వంగ సాహిత్యము ఇంటి సొత్తు వంటిది. మొదట మేరీ పాత్రకు భానుమతిని తీసికొని కొంత చిత్రీకరించి, నిర్మాతతో పొసగక ఆమె తప్పుకొనగా, రెండవ నాయిక వేషమునకు వచ్చిన సావిత్రికి ఆ పాత్ర దక్కినది. సావిత్రి విడిచిన సీత వేషము జమునకు పోయినది. 'దేవదాసు' తరువాత అందరి కన్నుల నీరు నింపిన నాగేశ్వరరావు డిటెక్టివు రాజుగ నవ్వులపాలగుటకు ఒప్పుకొన్నారు. రామారావు, రంగారావు, ఋష్యేంద్రమణి, రేలంగి, డేవిడ్‌గా రమణారెడ్డి. ఇంత పెద్ద నటవర్గములో ఎవరును ఇంకొకరిని త్రోసి ముందుకు రాకపోవుట మాకు ఈనాటికిని ఆశ్చర్యమే.

టీచరమ్మ ఇంట నవ్వులు మొదలయినవి. సావిత్రి ముక్కుపుటములు అదరినప్పుడెల్ల ఆమె, "గా కోపం జూడుండ్రి! మా మొదటి హెడ్‌మిస్ట్రెస్ అచ్చు గిట్లనే ఉంటుండె" అని మురిసిపోవుచున్నారు. దేవయ్య తన చిల్లర మాటలతో గుట్టు బయటపెట్టబోవు చోట ప్రక్క ఇంటి ఇల్లాలు పచ్చిపులుసు పొలమారి దగ్గినది. మేమును మా ఉద్యోగపు గాంభీర్యము మరచితిమి.

ఈ నవ్వు ఎచ్చటినుండి పుట్టుచున్నదో ఒక క్షణము చూడుడు. మేరీ క్రైస్తవురాలని మనకు తెలియును, గోపాలముగారి ఇంటివారికి తెలియదు. వారు ఆమెను తమ ఇంటి ఆడపడుచువలె చూచుచున్నారు. నొసట బొట్టు, ప్రక్కన మగడు, నోట తెలుగు. ఇంతకంటె వారికి కావలసిన నిదర్శనమేమియు లేదు. ఎవరు మనవారో ఎవరు కారో చూడగనే గుర్తించగలమని పెద్దింటివారికి గల ధీమా చూచి మనము నవ్వుచున్నాము. ఆ ధీమాకు ఆధారము ఒక చిటికెడు కుంకుమ మాత్రమే అని హాస్యము మనకు చల్లగా చెప్పుచున్నది. పైగా మేరీ భక్తిని చిత్రము ఒక్క మారైనను వెక్కిరింపలేదు. మేరీమాతను వేడుకొను పాటను ఎంత శ్రద్ధతో చేసినారో, సీమంతపు పాటను అంతే ముచ్చటగా చేసినారు. పాల్ దంపతులు దయగలవారు. డేవిడ్ అల్లరిపాలగునది ఇష్టములేని పిల్ల వెంటబడినందుకే గాని అతని మతమునకు గాదు. 1955లో ఈ నిగ్రహము సామాన్యమైనది కాదు; నేటికిని సామాన్యమైనదని మేము ధైర్యముగా అనలేము.

రాజు భూతద్దము సర్దుకొనుచున్నాడు. కథ చివరి మలుపునకు వచ్చినది. టీచరమ్మ లేచినారు.

"ఎక్కడికి టీచరమ్మా? ఇప్పుడే గదా అసలు సంగతి!" అన్నాడు మా ఇంజనీరు.

"చాయ్ పెడ్త బిడ్డా. ఇగ పుట్టుమచ్చ వస్తది. నేనెప్పుడు గీడనే లేస్త."

ప్రక్క ఇంటి ఇల్లాలు తల త్రిప్పి చూచినది. "అవు, నిజమే. ఇరవై ఏండ్లసంది గీ సినిమా కలిసే చూస్తున్నం. అక్క గీడనే లేస్తది. చాయ్ కోసమే అనుకున్న" అన్నది. ఆ తరువాత, "ఎందుకక్కా?" అన్నది.

టీచరమ్మ వంటింటి గడపమీద నిలిచి, ఎంతో సహజముగా, పరీక్షలో ప్రశ్న చదివినట్లు అడిగినారు: "గా పొల్ల వాళ్ల బిడ్డ కాకపోతే ఏం జేస్తుండిరి చెల్లె?"

ఎవరును మారు పలుకలేదు. తెరమీద మాత్రము అందరును ఆనందబాష్పములు తుడుచుకొనుచున్నారు.

మేము ఇన్నేండ్లు కన్ను మూసికొని దాటినది ఈ చోటనే. మేరీ మహాలక్ష్మియే అని తేలగనే కథలోని చిక్కులన్నియు విడిపోవును. రావు పెండ్లాడునది క్రైస్తవురాలిని కాదు, జమీందారు పెద్ద కుమార్తెను. గోపాలముగారు ఆదరించినది పరాయి పిల్లను కాదు, కన్నబిడ్డనే. అంతవరకు మనము నవ్విన నవ్వు వెనుకకు తీసికొనవలసి వచ్చును. చూడగనే మనవారిని గుర్తింతుమన్న వారి ధీమా తప్పు కాదని, రక్తమే రక్తమును పిలిచినదని, పుట్టుమచ్చ వచ్చి సాక్ష్యము చెప్పును. ఆ ఇంటివారి ప్రేమకు రావలసిన పరీక్ష రాకుండగనే వారు ఉత్తీర్ణులయినారు. నిజము తెలిసిన పిమ్మట వారు ఒక్క రాత్రి నిద్రలేక గడిపినట్లు చూపి యుంటే, మనకు ఏమి తెలిసి యుండెడిదో!

చాయ్ గిన్నెలు అందించుచు టీచరమ్మ తన కథ చెప్పినారు. ఆ కథలో హాస్యమును ఆమెయే చేర్చినారు. మేము కలిపినది లేదు.

1980వ దశకములో ఆమెకు తొలి ఉద్యోగము ఒక పల్లెలో వచ్చినది. ఊరి పేరు ఆమె చెప్పలేదు, మేము అడుగలేదు. ఉత్తరువులో నున్న పేరు, మేము చెప్పినట్లు, దేవత పేరు, తాతగారు పెట్టినది. ఆ పేరు చూచి ఊరిలో ఒక మంచి ఇంటివారు ఒక గది అద్దెకిచ్చినారు. ఇల్లాలికి ఆడపిల్లలు లేరు. బిడ్డా బిడ్డా అని పిలిచి, బడినుండి వచ్చు వేళకు మక్కజొన్న కంకి కాల్చి ఉంచెడిదట. తల దువ్వెడిదట. మూడు వారములు అట్లు గడచినవి. నాలుగవ వారమున తండ్రి కూతురును చూడవచ్చినాడు. అన్నము ముందు కూర్చుండి కన్నులు మూసికొని ప్రార్థన చేసినాడు. ఇల్లాలు గుమ్మములో నిలిచి చూచినది.

"గా రాత్రి ఏమనలే. తెల్లారి నా బిందె బయట పెట్టి ఉన్నది. వారం దినాలకు ఆయన వచ్చి, మా కొడుకు వస్తున్నడు, అర్ర కావాలె టీచరమ్మా అన్నడు. గా కొడుకు ఇంక రాలే" అని ఆమె నవ్వినారు. మేము నవ్వలేకపోతిమి.

"పోయేనాడు గా అవ్వ ఏడ్చింది బిడ్డా. ముందుగాలనే చెప్పకపోతివి అన్నది. ఏం చెప్పాల్నో నాకు తెల్వలే. నేనేం అబద్ధమాడలే. అడిగితే చెప్తుంటి. రెండు సోలల పెసలు మూటగట్టి ఇచ్చింది. తీసుకున్న."

ఆ పెసల మూటయే మమ్ము ఎక్కువగా బాధించుచున్నది. బిందె బయట పెట్టిన చేయియే పెసలు మూట గట్టినది. ఆ ఇల్లాలి ప్రేమ కల్లయని మేము అనలేము. గోపాలముగారి భార్య ప్రేమవంటిదే అది. సినిమాలోని తల్లికి పుట్టుమచ్చ దొరకినది, ఈ తల్లికి దొరకలేదు, భేదమంతయు ఇంతే.

ఇంటికి వచ్చిన పిదప మేము కొన్ని తేదీలను సరిచూచితిమి. హిందువును క్రైస్తవురాలును ఎవరి మతము వారికి ఉండగనే రిజిస్ట్రారు ఎదుట పెండ్లి చేసికొనుటకు వీలు కల్పించిన ప్రత్యేక వివాహ చట్టము 1954 నాటిది. అది అమలులోనికి వచ్చినది 1955 జనవరి 1వ తేదీన. అంతకు పూర్వమున్న 1872 నాటి చట్టము క్రింద అట్టి జంట తాము ఆ మతములకు చెందమని ప్రకటింపవలసి యుండెడిది. మిస్సమ్మ విడుదల జనవరి 12. అనగా దేశపు చట్టము తలుపు తెరచిన పదునొకండు దినములకు మేరీ, రావు మన ముందుకు వచ్చినారు. ముప్పది దినముల నోటీసు ఒకటి ఇచ్చి, వారు మేరీగనే, రావుగనే పెండ్లాడ గలిగియుందురు. చిత్రము అంతకుముందే తయారయినది గనుక దానిని తప్పు పట్టుట న్యాయము కాదు. కాని తలుపు తెరచి యున్నను అటు చూడకుండ పుట్టుమచ్చ కొరకు వెదకుట మన సమాజము తరువాతి కాలములో గూడ మానలేదు. ఆ చట్టపు నోటీసు బల్లకు అంటించిన దినముననే బంధువులు కర్రలతో వచ్చిన ఉదంతములు పత్రికలలో మనము చదువుచునే యున్నాము.

మన సినిమాకు ధైర్యము లేదని తేల్చివేయుట కూడ తొందరపాటే యగును. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మము 'మాలపిల్ల'లో బ్రాహ్మణ యువకుని, హరిజన బాలికను కలిపినారు. అందు ఏ పుట్టుమచ్చయు లేదు. కాని అది నవ్వుల చిత్రము కాదు. దురాచారమును ఏడ్చి చెప్పుట ఒక పద్ధతి, నవ్వి చెప్పుట మరియొక పద్ధతి. గురజాడ 1892లో 'కన్యాశుల్కము'ను రంగస్థలము ఎక్కించినప్పటినుండి తెలుగువారికి రెండవ పద్ధతి రుచి తెలిసినదే. చక్రపాణిగారు సినిమాకు వినోదమే ప్రధానమని నమ్మినవారు. సందేశము చెప్పబోక, జనము ఇంటికి సంతోషముగ పోవలెనని కోరుకొన్నారు. ఆ కోరిక నెరవేరినది. 1957లో అదే కథ హిందీలో 'మిస్ మేరీ'గ వచ్చినప్పుడును, అంతకుముందు తమిళములోను, జనము సంతోషముగనే ఇంటికి పోయినారు. ఆ సంతోషములో టీచరమ్మ వంటివారు చివరి పది నిమిషములు వంటింటిలో గడిపినారని మాత్రము ఎవరును లెక్క వ్రాయలేదు.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. 1967లో అమెరికాలో 'గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్' అను చిత్రము వచ్చినది. తెల్లవారి అమ్మాయి నల్లవాడైన వరుని ఇంటికి తీసికొని వచ్చును; తలిదండ్రులు తెల్లబోదురు. ఆ యేడు జూన్ 12వ తేదీన అక్కడి సుప్రీము కోర్టు జాతుల నడుమ వివాహములను నిషేధించు రాష్ట్రముల చట్టములను కొట్టివేసినది. ఆ చిత్రములో వరుడు నల్లవాడుగనే పుట్టి నల్లవాడుగనే ఉండును, అంతవరకు మెచ్చదగినదే. కాని అతడు లోకప్రసిద్ధుడైన వైద్యుడు, ఏ లోపమును లేని పురుషోత్తముడు. సిడ్నీ పోయిటియర్ వంటి నటుడు ఆ వేషము వేయగా కాదనగల మామ ఎవ్వడు? ఆ దేశపు పుట్టుమచ్చ పాదముమీద గాక డిగ్రీ కాగితముమీద నున్నది. సగటు జీతము, సగటు రూపము గల ఒక గుమాస్తా ఆ గుమ్మమెక్కి యుంటే ఏమి జరిగి యుండెడిదో చిత్రము చెప్పలేదు.

మరల మన భాషలో, మిస్సమ్మకు అరువది యేడేండ్ల తరువాత, 2022 జూన్ 10వ తేదీన 'అంటే సుందరానికీ' వచ్చినది. వివేక్ ఆత్రేయ దర్శకత్వములో నాని, నజ్రియా నటించినారు. ఆచారవంతులైన బ్రాహ్మణుల ఇంటి అబ్బాయి, క్రైస్తవుల ఇంటి అమ్మాయి. ఇందులోను నవ్వు అబద్ధమునుండియే పుట్టును. పెండ్లికి ఒప్పించుటకై ఇద్దరును తమ తమ ఇండ్లలో చెరియొక పెద్ద అబద్ధము చెప్పుదురు. సుమారు మూడు గంటల చిత్రము. నడుమ అరగంట తీసివేసినను నష్టము లేదని మా అభిప్రాయము. ఐనను లీలా థామస్ చివరి వరకు లీలా థామస్‌గనే నిలుచును. ఆమె పాదము ఎవరును పరీక్షింపరు. ఇంటివారు కలత చెందుదురు, అలుగుదురు, తమలో తాము పోరాడుదురు, ఆ పిమ్మట ఎట్లో సర్దుకొందురు. మిస్సమ్మలో మనకు చూపకుండ విడిచిన రాత్రి ఇందులో ఉన్నది. విజయా వారి చిత్రమంత చక్కని చిత్రమా అని అడిగిన యెడల, కాదు. కాని టీచరమ్మ వంటింటికి పోవలసిన పని లేని చిత్రము. ఆ మాట ఆమెకు ఫోనులో చెప్పినప్పుడు, "సావిత్రి లేదు గదా" అని తోసివేసినారు.

ఆమెకు కావలసినది మిస్సమ్మయే. అది మేము గ్రహింపవలసిన రెండవ సంగతి. లోపము తెలిసియు ఆమె ఆ చిత్రమును విడువలేదు. ఉద్యోగము కొరకు పరాయి ఊరిలో, పరాయి ఇంట, తన ప్రార్థన తాను చేసికొనుచు, ముక్కుపుటములు అదరించుకొనుచు తల ఎత్తుకొని తిరిగిన ఒక క్రైస్తవ పంతులమ్మను మన పెద్ద తారలందరి నడుమ నాయికగా నిలిపిన చిత్రము ఆమె యౌవనములో మరియొకటి ఆమెకు దొరకలేదు. మొదటి రెండు గంటలు ఆమెవి. చివరి పది నిమిషములు గోపాలముగారివి.

ఆ సాయంత్రము జనము పలుచబడినారు. గాయక బృందము పాడినది, ధ్వనిముద్రణ చక్కగ వచ్చినది. ప్రక్క ఇంటి ఇల్లాలు గూడ వచ్చి చివరి బల్లమీద కూర్చున్నది. అంతసేపును ఆమె పాట వినుచున్నట్లు మాకు తోచలేదు, ఏదో లెక్క వేసికొనుచున్నట్లున్నది. మేము తంతులు చుట్టుకొనుచుండగా మా దగ్గరకు వచ్చి, "ఇరవై ఏండ్లు సార్. ఒక్కసారన్న నేను అడగకపోతి" అన్నది. మా వద్ద బదులు లేదు.

గడచిన సంక్రాంతికి టీచరమ్మతో ఫోనులో మాటాడితిమి. పండుగనాడు మిస్సమ్మ మరల వచ్చినదట.

"ఈసారియు లేచినారా?" అని అడిగితిమి.

"లేచిన బిడ్డా. చెల్లె కూడ లేచి నా వెనుకనే వంటింట్లకు వచ్చింది. ఇద్దరం ఆడనే నిలబడి చాయ్ తాగినం. రాజు గా పుట్టుమచ్చ ఎవ్వరికి చూపెట్టిండో ఏమో, టీవీ ముందట మనిషి లేడు" అని ఆమె చాలాసేపు నవ్వినారు.